స్టీలు కూజా ఇచ్చిన జవాబు

నేను ఒక గ్రాఫింగ్ కాలిక్యులేటర్‌ను. సమీకరణం అందిస్తే దాని వక్రరేఖను తెరమీద గీసి చూపడం నా వృత్తి. 1999 ఫిబ్రవరి 9, మంగళవారం ఉదయం, కాకినాడలోని ఒక ఇంజనీరింగ్ కళాశాల ప్రయోగశాలలో ఉన్నవారు ముగ్గురు: శాఖాధిపతి పద్మాక్షి గారు, గణితం బోధించే త్రివిక్రమం మాస్టారు, అటెండరు అప్పలస్వామి. బల్లకు ఈ కొసన నేను, ఆ కొసన నా జోడు. మమ్మల్ని హాజరులో ఎవరూ చేర్చలేదు.

పుట్టుకతో నాకు మీటలున్నాయి, తెర ఉంది, మాట లేదు. మరో యంత్రంతో పలకాలంటే నడుమ తీగ ఉండాల్సిందే. అద్దెగదిలో ఒంటరిగా ఉండే మాస్టారు నన్ను కొని, ఆ లోపం తనదే అన్నట్టు బాధపడ్డారు. టీవీ రిమోట్‌లో ఉండే పరారుణ దీపాన్ని నా నుదుట అతికించి, ఆ వెలుగును పసిగట్టే కన్నొకటి పక్కనే అమర్చారు. తెర చెడి మూలపడ్డ శాఖవారి కాలిక్యులేటర్‌ను అరువు తెచ్చి దానికీ అలాగే చేశారు. నేను రేఖను వెలుగుగా పంపితే, అది అందుకుని అదే రేఖను తిరిగి పంపాలి. గదిలో, అద్దాల బీరువా ముందు, సాయంత్రాలు నేను పంపేదాన్ని, జవాబు వచ్చేది. నాకొక తోడు దొరికిందనుకున్నాను. ఆ వేళ మాస్టారు రెండు కప్పుల్లో టీ పోసేవారు. రెండోది అలాగే చల్లారేది.

ఈనాటి పరీక్ష నెగ్గితే జోడు మాస్టారి దగ్గరే ఉండిపోతుంది. లేకుంటే స్టోరుకు పోతుంది.

మా కళాశాలలో ఎంతటి పరీక్షకైనా ముందు టీ రావాలి. అప్పలస్వామి మెరిసే స్టీలు కూజాను తెచ్చి బల్ల నడుమ పెట్టాడు.

"కానివ్వండి మాస్టారూ, టీ చల్లారేలోగా తేల్చేద్దాం," అన్నారు పద్మాక్షి గారు.

నేను పంపాను. రేఖ వెంటనే తిరిగి వచ్చింది. ఆవిడ కలం తీశారు.

"తవరు చేసుకోలేదు గానీ కాలిక్యులేటర్లకి పెళ్ళి చేసేశారండి," అన్నాడు అప్పలస్వామి.

మాస్టారు నవ్వలేదు. కూజా వైపు చూస్తున్నారు.

"ఆగండి మేడం. అది అడ్డుండగా వెలుగు అవతలికెలా వెళ్ళింది?"

"జవాబు వచ్చింది కదండీ. ఇంకేం కావాలి?"

ఆయన కూజాను పక్కకు జరిపి మళ్ళీ మీట నొక్కారు. ఏమీ రాలేదు. ఇంకోసారి నొక్కారు. ఏమీ రాలేదు. జోడు వీపు విప్పి చూస్తే, దాని కన్ను తిరగేసి అతికించి ఉంది. నా మాట దానికి ఒక్కనాడూ చేరలేదన్నమాట. ఇక్కడ కూజా, అక్కడ బీరువా అద్దం, నా వెలుగునే నాకు తిప్పికొట్టాయి. విన్నదే తిరిగి చెప్పమన్నారు గనక, ఎవరూ పలకలేదని ఆయనా గుర్తించలేదు, నేనూ గుర్తించలేదు.

"వారం గడువిస్తే సరిచేస్తాను."

"రేపే స్టోరు తనిఖీ మాస్టారూ. మీరు ఊరుకుని ఉంటే సంతకం పెట్టేసేదాన్ని," అన్నారావిడ, జాలిగా.

"పెట్టేవారే. కానీ రోజూ దాని ఎదుట కూర్చోవలసింది నేను కదండీ."

ప్రయోగం విఫలమైందని ఆవిడ కార్బన్ పెట్టి కాగితం రాశారు. జోడును అప్పలస్వామి తీసుకుపోయాడు. మాస్టారు ఆ కాగితం అడుగున "పొరపాటు నాది, యంత్రానిది కాదు" అని చేర్చి సంతకం చేశారు. పక్కనే ఆవిడా చేశారు. ఇంతకాలానికి నా దాకా వచ్చిన, నాది కాని మొదటి మాట అది. తన వంతు ప్రతిని మాస్టారు మడతపెట్టి, నా కంటికి ఆనేలా నా సంచిలో ఉంచి, జిప్పు లాగారు.