నాన్న చూశాకే సంతకం

మా ఆయన ఆదిబాబుకు ఒక మొండి పట్టుంది. ఆయన చూడకుండా మా ఇంట్లో ఎవరూ ఏ కాగితం మీదా సంతకం పెట్టకూడదు. టాటానగర్‌లో ముప్పై నాలుగేళ్లు రైలు పట్టాల మీద పనిచేసి రిటైరైన మనిషి. అక్కడే బారిడీహ్ పేటలో మా పక్కింటి పోలయ్యకు రెండు వేళ్లు తెగినప్పుడు, కాంట్రాక్టర్ మనిషి ఆసుపత్రిలోనే సంతకం పెట్టించుకుని పోయాడు. పోలయ్య ఆ రోజు డ్యూటీలోనే లేడని ఆ కాగితంలో రాసుందట. అప్పటినుంచీ ఈ పట్టు.

మంచిదే అనుకున్నాను. నాకా అక్షరం ముక్క రాదు. ఆయనేమో కళ్లజోడు పెట్టుకుని ఇంగ్లీషు కాగితాలు కూడా పైనుంచి కిందకు చూసి, "రేపు సెప్తాను" అని జేబులో పెట్టుకునేవాడు. మర్నాడు ఆఫీసు నుంచి వచ్చాక అందులో ఏముందో పూస గుచ్చినట్టు చెప్పేవాడు. రిటైరయ్యాకా అంతే, ఆఫీసు వైపు వెళ్లొచ్చి చెప్పేవాడు.

మొన్న మా ఆడపడుచు గృహప్రవేశానికని ఆమదాలవలస వెళ్లాం. భోజనాల దగ్గరుండగా కోడలు హేమ ఫోన్ చేసింది. కాంట్రాక్టు పనిలో ఉండగా మా అబ్బాయి ప్రవీణ్ కుడి పాదం మీద ఇనప దిమ్మ పడిందట. దొరికిన రైలెక్కి, జనరల్ పెట్టెలో నిలబడి, తెల్లారేసరికి ఖరగ్‌పూర్‌లో దిగి టాటా వెళ్లే బండి పట్టుకున్నాం. అది కాస్తా ఝాడ్‌గ్రామ్‌లో ఆగిపోయింది. ముందు పట్టాల మీద జనం కూర్చున్నారట, రైల్ రోకో.

అక్కడే హేమ మళ్లీ ఫోన్ చేసింది, ఏడుస్తూ.

"అత్తయ్యా, పాదం ఇప్పుడే తీసేస్తే కాలు దక్కుద్దంటన్నారు. లేటైతే విషం పైకెక్కుద్దట. ఈయనేమో సైన్ చెయ్యనంటన్నారు. కాంట్రాక్టర్ మనిషి ఫైలట్టుకుని పక్కనే కూచున్నాడు. పాపా దేఖేంగే, తబ్ కరూంగా అని ఒకటే పట్టు. మామయ్య చూసి చెప్తేనేనట."

మా ఆయన ఫోన్ లాక్కున్నాడు. "అది డాక్టర్ది కాగితమో, ఆడి ఫైల్లోదో ఎవులికి తెలుసు? నానొచ్చీదాకా ఏటీ పెట్టొద్దను."

హేమ కాగితం ఫోటో తీసి పంపింది. ఆయన ఫోన్ దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు.

"సరిగ్గా కనపడతన్లేదు."

"ఎదురుగా ఆ బాబు సదువుకున్నోడిలాగున్నాడు, సూపించు."

"ఏటే సన్నేసీ, నాకు సదవడం రాదనుకుంటన్నావేటి?" అని పెట్టెంతా వినేలా అరిచాడు. నోరు మూసుకున్నాను. నా బుద్ధి గడ్డి తింది, ఎందుకు మూసుకున్నానో!

దిగి బస్సెక్కుదామంటే వినడు. "లైన్ క్లియర్ వత్తాది, నాకు తెల్దా?" అంటాడు. మూడు గంటలు చూశాను. చివరకు సంచీ పట్టుకుని నేనే దిగిపోయాను. అప్పుడొచ్చాడు వెనకాల. బహరాగొడా దాకా ఒక బస్సు, అక్కడనుంచి టాటాలోని మాంగో బస్టాండ్‌కి ఇంకొకటి. ఘాట్‌శిలాలో డ్రైవర్ చాయ్ తాగుతూ కూర్చుంటే, "అరే భయ్యా, మేరా బేటా!" అని వాడి మీద పడి ఏడ్చాను.

"ఫోన్లో సెప్పీ, పెట్టీమని. నీ కాళ్లట్టుకుంటాను," అన్నాను మా ఆయనతో.

"రెండు గంటల్లో ఎలిపోతాం," అన్నాడు, కిటికీలోంచి బయటకు చూస్తూ.

"నీ మొండితనం మండిపోనూ!" అన్నాను. బస్సంతా మావైపు చూసింది.

ఆసుపత్రి చేరేసరికి నాలుగు దాటింది. నర్సు ఈ ఊళ్లోనే కద్మా పేట పిల్లట, మన తెలుగుపిల్లే, పేరు నవ్య. వరండాలోనే కాగితం ఆయన చేతికిచ్చింది. ఆయన జేబులోంచి కళ్లజోడు తీయలేదు. ఆ పిల్లను పక్కకు పిలిచాడు. వెనకే ఉన్న నన్ను చూసుకోలేదు.

"అమ్మా, ఇందులో ఏటి రాసున్నాదో సదివి సెప్పు. నాకు ఇంగ్లీషు రాదు. మా ఆఫీసులో మురళి బాబని ఉండీవోడు, అన్నీ ఆయనే సదివి సెప్పీవోడు. పోయిన నెల్లో పోయేడు."

ముప్పై ఎనిమిదేళ్ల కాపురం.

"ఆపరేషన్‌కి ఒప్పుకుంటున్నానని, అంతే తాతగారూ," అంది నవ్య. "పొద్దున పాదం అని రాశారు. ఇదిగో, అది కొట్టేసి ఇప్పుడు మోకాలి పైన అని రాశారు."

"కాంట్రాక్టర్ గురించి?"

"ఏమీ లేదండీ."

ఆయన కాగితం పట్టుకుని లోపలికి నడిచాడు. వెనకే నేనూ, నవ్యా వెళ్లాం. ప్రవీణ్ ఒళ్లు కాలిపోతోంది. తండ్రిని చూడగానే వాడి మొహం తేటపడింది.

"పాపా, దేఖ్ లియా? సబ్ ఠీక్ హై న?"

"సూశాన్రా. అంతా సరిగ్గానే ఉన్నాది. పెట్టు," అన్నాడు మా ఆయన, కాగితం మీద ఒక గీత వేలితో చూపిస్తూ.

నవ్య ఆయన వేలు పట్టుకుని రెండు గీతలు కిందకు జరిపింది. అక్కడ వాడు సంతకం పెట్టాడు.