మాటలు తక్కువ మనిషికిచ్చిన గది

కవలల్ని కన్నదాన్ని కాబట్టి మా కవెంపే పేటలో అందరూ నన్ను నాలొంగో అంటారు. ఇంటి వెనక వరసగా నాలుగు గదులు కట్టి అద్దెకిచ్చాను. గది కోసం ఎవరొచ్చినా నాకు ముందు కనబడేది వాళ్ళ వల్ల రాబోయే గొడవే. అంతకుముందు వాళ్ళున్న పేట ఛైర్మన్ మంచివాళ్ళని రాసిచ్చినా నమ్మను. వాళ్ళు ఉంటున్న చోటికి వెళ్ళి, ఇరుగుపొరుగుని అడిగి, వాకిలి చూసి మరీ వస్తాను.

"పిల్లనిచ్చేటప్పుడు కూడా ఇంత ఆరా తియ్యరు, నాలొంగో," అని మొదటి గదిలో ఉండే సెంకుంగు వెక్కిరిస్తుంటాడు. మోటారు సైకిలు మీద మనుషుల్ని తిప్పి బతుకుతాడు, నోరు ఆగదు.

చివరి గదికి నంబోజెని ఏరుకున్నాను. మొగుడు జింజాలో చెరుకు తోటల పనికి పోయాడు. తనూ, చంటివాడూ. రేడియో లేదు, వచ్చేపోయేవాళ్ళు లేరు. "నాకు మాటలు తక్కువ ఉన్నవాళ్ళు కావాలమ్మా. వంట వరండాలోనే," అన్నాను. తల ఊపింది.

ఆ మధ్యాహ్నం వాన విరుచుకుపడింది. మా ఇంటి కిటికీలోంచి చూస్తే, పొద్దున నంబోజె వరండాలో రాజేసిన బొగ్గుల కుంపటి అక్కడ లేదు. తలుపు మూసుంది. మూసిన గదిలో కుంపటి పెట్టుకుని, ఆ బొగ్గుల విషవాయువుకి నిద్రలోనే పోయిన ఓ కుటుంబాన్ని పాతిపెట్టడానికి వెళ్ళొచ్చినదాన్ని నేను.

పరుగెత్తి తలుపు కొట్టాను. రేకుల మీద వాన మోతకి నా గొంతు నాకే వినబడలేదు.

"నంబోజే! అమ్మా!"

తలుపు నెట్టి చూశాను. లోపల గడియ వేసుంది.

సెంకుంగు తన గడప దగ్గరే నుంచుని నవ్వాడు. "వాన పడితే జనం పడుకుంటారు. నీకు గంజిలో కూడా చావే కనబడుతుంది కదా!"

"కుంపటి లోపల పెట్టిందిరా!"

"తలుపు పగలగొట్టి చూడు మరి. ఆమె ముసుగుతన్ని పడుకుని ఉంటే? ఎగువ వీధి ఇంటామెకి ఏం జరిగిందో మర్చిపోయావా?"

మర్చిపోలేదు. అద్దెకున్నవాళ్ళ గదిలో వాళ్ళు లేకుండా అడుగుపెట్టిందని పేట సభలో నుంచోబెట్టి దొంగని చేశారు. ఛైర్మన్ ఎదురుగానే తలుపు తెరిపిద్దామని నా కవలల్లో పెద్దది బబిర్యెని ఆయన కోసం పంపాను. తడిసి ముద్దై తిరిగొచ్చింది. "ఆయన పట్నం వెళ్ళాడటమ్మా."

అప్పుడు తలెత్తి చూశాను. తలుపు పైన గాలి కోసం వదిలిన కన్నాల్లో పాత గుడ్డలు కుక్కి ఉన్నాయి.

ఇంక ఛైర్మనూ లేడు, సభా లేదు. వేరుశెనగలు దంచే రోకలి తెచ్చి, తలుపు పక్కన తెర వేసున్న కిటికీ అద్దం మీద వేశాను. లోపలికి చెయ్యి పెట్టి గడియ లాగుతుంటే గాజు మోచేతిని చీల్చింది. తలుపు తెరుచుకోగానే వేడిగాలి మొహం మీద కొట్టింది. కుంపటి మీద చిక్కుళ్ళు కుతకుతమంటున్నాయి. నంబోజె మంచం మీద నోరు తెరుచుకుని పడి ఉంది. రొమ్ము దగ్గర బిడ్డ.

బిడ్డని లాక్కుని వానలోకి వచ్చాను. తల వాలిపోతోంది. వీపు మీద చరిచాను. ఇంకోసారి చరిచాను. మా కవలల పేర్లు చెప్పి దేవుణ్ణి వేడుకున్నాను. పిల్లాడు ఒక్కసారి దగ్గి, గుక్కపట్టి ఏడ్చాడు. అంత తియ్యటి ఏడుపు నేనెప్పుడూ వినలేదు.

అప్పటికి సెంకుంగు నంబోజెని చంకల కింద పట్టుకుని ఈడ్చుకొచ్చాడు. ఆమె వాంతి చేసుకుని కళ్ళు తెరిచింది. అతనే బండి మీద ఇద్దర్నీ దవాఖానాకి తీసుకెళ్ళాడు, వెనక నేను పట్టుకుని కూర్చున్నాను.

దవాఖానా మంచం మీద నంబోజె నా చేతి కట్టు చూసింది.

"వానకి బొగ్గులు ఆరిపోతున్నాయి. మీ వంటింట్లో పెట్టుకోనా అని అడుగుదామనుకున్నాను. మాటలు తక్కువ ఉండాలన్నావుగా, నోరు రాలేదు." బిడ్డని దగ్గరికి లాక్కుని అడిగింది, "గది ఖాళీ చెయ్యనా, నాలొంగో?"

"నోరు మూసుకో," అన్నాను. అనేశాక నాకే సిగ్గేసింది. "కాదు కాదు, మూసుకోకు. ఏం కావాలన్నా గోడ మీద కొట్టి కేకెయ్యి."

ఇంటికొచ్చి నిచ్చెన తీశాను. నంబోజె గది కన్నాల్లో గుడ్డలన్నీ పీకి పారేశాను. తరవాతి గదికి నిచ్చెన జరుపుతుంటే సెంకుంగు అడ్డం రాలేదు, వెక్కిరించలేదు. తన గది ముందు ముక్కాలిపీట ఎక్కి, తలుపు పైన కన్నాల్లో కుక్కిన కాగితాలు ఒక్కొక్కటే లాగుతున్నాడు.