సీసా అడుగు చుక్క

సొలాంజ్ గారి హోటల్లో ఉన్నవి ఏడే గదులు. ఫ్రాన్సు కొండల్లో ఒకప్పుడు ద్రాక్షపళ్ళు పిండిన కొట్టం అది. మేనల్లుడు ఇంటర్నెట్‌లో "బుటీక్ హోటల్" అని రాసిపెట్టిన దగ్గర్నుంచీ వచ్చినవాళ్ళందరూ గదిలో మెత్తటి చెప్పులేవని అడుగుతున్నారని ఆవిడకి ఒళ్ళుమంట. బోజొలే కొండల చలికి బుద్ధున్నవాళ్ళెవరైనా ఇంకో కంబళి అడుగుతారు గానీ చెప్పులడుగుతారా?

అర్మెల్ ఎప్పుడూ చెప్పులడగలేదు. ద్రాక్షకోతలు అయిపోయి తోటలు ఎర్రబడే వేళకి ప్రతి ఏడూ లియాన్ నుంచి రెజీస్‌తో కలిసి ఇక్కడికి వస్తుంది. ఇద్దరిదీ ఒకే భవనం, ఆమె వాటా మీద అతని వాటా. ఆమె బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైంది. అతను పియానోలు బాగుచేస్తాడు. ఇద్దరికీ అరవై దాటాయి. కలిసి వస్తారు, కలిసి తిరుగుతారు, గదులు మాత్రం రెండు తీసుకుంటారు.

"ఈసారీ రెండేనా?" అంది సొలాంజ్, తాళంచెవులు తీస్తూ.

"రెండేనండీ."

"నీకేం, రెండంటావు. ఒకటైతే నాకొక దుప్పటి ఉతుకు తప్పేదమ్మాయ్."

రెజీస్ వినిపించనట్టే పెట్టెలు పట్టుకుని మెట్లెక్కేశాడు.

మూడేళ్ళ కిందట ఇదే హోటల్ పెరట్లో అతను ఆమెను అడిగాడు, పెళ్ళి చేసుకుందామా అని. అంతకుముందే అర్మెల్ భర్త ఎతియెన్ మంచాన పడి, రెండేళ్ళు ఆమె చేత చాకిరీ చేయించుకుని, చివరికి కన్నుమూశాడు. ఇంకో మనిషిని అలా సాగనంపే ఓపిక తనకి లేదనుకుంది. ఆ మాట చెబితే సరిపోయేది. చెప్పకుండా "ఒకసారి చాలు" అని పుటుక్కున తుంచేసింది. "సరే, ఇంకెప్పుడూ అడగను," అన్నాడు రెజీస్. అన్నమాట మీద నిలబడ్డాడు కూడా. అక్కడే వచ్చింది చిక్కు.

ఎందుకంటే ఇవాళ కారులో ఇంకో మాట చెప్పాడు. దేశానికి ఆ చివర, బ్రిటనీలో సముద్రం ఒడ్డున వాళ్ళక్క ఒక్కతే ఉంటోందట, క్రిస్మస్ కాగానే అక్కడికి వెళ్ళిపోతాడట. "మంచిదే, అక్కడ గాలి బావుంటుంది," అంది అర్మెల్. అనేశాక నాలుక కొరుక్కుంది. నెత్తిమీద అతని అడుగుల చప్పుడు లేని ఇంట్లో ఎలా ఉండటం? వద్దు, వెళ్ళకు అనాలి. అతను అడగడు కాబట్టి తనే అనాలి. ఒక తరం పిల్లల్ని ఎక్కాలతో హడలెత్తించిన ఆ నోటికి ఈ ఒక్క మాట పెగలడం లేదు.

రాత్రి భోజనానికి ఆ హోటల్లో ఒకటే బల్ల. ఆ పూట ఇంకెవరూ దిగలేదు. పక్కింటి ముసలాయన వోజెల్ మాత్రం వచ్చి కూర్చున్నాడు. భార్య పోయిన దగ్గర్నుంచీ ఆయనకి వంట సొలాంజ్‌దే, ఆమె మీద వెటకారం ఆయనదే. పిండేసిన ద్రాక్ష తొక్కల మీద ఉడికిన సాసేజి, బంగాళాదుంపలు, పీపాలోంచి పట్టిన వైన్. ఆ ఊరి సీసాలకి అడుగున గాజు మందం. అయిపోయిందో ఇంకా ఉందో బయటికి తెలియదు.

సీసా అడుగు చుక్క ఎవరి గ్లాసులో పడితే వాళ్ళకి ఏడాది తిరక్కుండా పెళ్ళి, కాదంటే ఉరి అని అక్కడివాళ్ళ సరదా. ఆ పూట కూడా ఆ చుక్క రెజీసే ఒంపుకున్నాడు.

"ఏమయ్యా, ఏటా నీకే పడుతోంది," అన్నాడు వోజెల్. "పెళ్ళీ కాలేదు, ఉరీ పడలేదు. మా ఊరి వైన్ పరువు తీస్తున్నావు."

"ఉరికి ప్రయత్నంలో ఉన్నానండీ. మా అక్క దగ్గరికి పోతున్నా."

అందరూ నవ్వారు. అర్మెల్ నవ్వలేక ప్లేట్లు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది.

"ఆ మడ్డి వైనంటే అతనికెందుకండీ అంత ప్రాణం?" అంది, ఏదో ఒకటి అనాలని.

సొలాంజ్ జున్ను కోస్తున్నదల్లా ఆగింది. "నిజంగా తెలీదా నీకు? నువ్వు కాదన్న రాత్రి, ఈ వోజెల్ సీసా పట్టుకుని నీ గ్లాసు మీదికి వంచబోయాడు. నీ మొహం తెల్లగా పాలిపోయింది. రెజీస్ ఆ సీసా లాక్కున్నాడు చూడు, అప్పట్నుంచీ ఇంకొకరి చేతికివ్వలేదు. నిన్నెవరూ ఆటపట్టించకూడదని."

అర్మెల్ చేతిలో ప్లేట్లు పక్కన పెట్టింది. నా పిచ్చి మొహానికి మూడేళ్ళు పట్టిందా ఇది కనబడటానికి అనుకుంది. ఏడుపొచ్చింది, తన మీద తనకే కోపమూ వచ్చింది.

బల్ల దగ్గరికొచ్చి, సీసా తీసి తన గ్లాసులోకి వంచింది. ఏమీ రాలేదు. ఊపింది. అయినా రాలేదు.

"అయిపోయింది అర్మెల్," అన్నాడు రెజీస్ మెల్లిగా. "చివరిది నేనే..."

"తెలుసు. ఎప్పుడూ నువ్వేగా. సొలాంజ్ గారూ, ఇంకో సీసా!"

మోకాళ్ళ నొప్పుల మాటెత్తకుండా సొలాంజ్ కదలడం ఎవరైనా చూశారంటే ఆ ఒక్కసారే. కొత్త సీసా వచ్చింది. దాని అడుగు చూడాలంటే తాగక తప్పదు కదా. వోజెల్ ఊరి పరువు కోసమన్నట్టు రెండు వంతులు తాగిపెట్టాడు. జున్ను అయింది, రొట్టె అయింది. సీసా తేలికపడింది. సీసా పట్టుకున్న రెజీస్ చెయ్యి అలవాటుగా తన గ్లాసు వైపు వెళ్ళింది.

అర్మెల్ అతని గ్లాసు మీద అరచెయ్యి మూసింది. తన గ్లాసు ముందుకు జరిపింది.

"ఇందులో."

రెజీస్ ఆమె మొహంలోకి చూశాడు. "ఏమవుతుందో తెలుసుగా?"

"తెలుసు. భయంగానే ఉంది. నువ్వు ముందు పోతావేమోనని భయం, నేను మంచాన పడితే నువ్వు చెయ్యాల్సొస్తుందని భయం. అయినా పొయ్యి."

అతను సీసా వంచాడు. చుక్క అనుకున్నది గుక్కెడు పడింది. ఆ మందపు గాజు అందర్నీ మోసం చేసింది.

"అన్యాయం!" అన్నాడు వోజెల్. "ఇంత పడితే పెళ్ళీ, ఉరీ రెండూ ఖాయం."

అర్మెల్ ఒక్క గుక్కలో తాగేసి గ్లాసు బల్ల మీద బోర్లించింది. రెజీస్ ఖాళీ సీసా కింద పెట్టాడు.

"మరి అక్కకి మాటిచ్చాను, అర్మెల్. వస్తానని."

"వెళ్దాం. ఆవిడకి ముందే చెప్పు," అంది అర్మెల్, "రెండు గదులు అక్కర్లేదని."