ఫ్లెక్సీలో లేని ముక్కు

నేను ఒక ఫ్లెక్సీని. పది అడుగుల ఎత్తు, ఆరడుగుల వెడల్పు. ఎండకీ వానకీ నాకేమీ కాదని షాపువాడి మాట. ఏడుపులకైతే అసలే ఏమీ కాదు. ప్లాస్టిక్ పుట్టుక కదా, ఏం చేస్తాం!

వినుకొండలో, ఎనిమిదో తరగతి చదివే తన్మయి ఓణీల ఫంక్షన్ కోసం నన్ను వేయించారు. ఫొటో తనే పంపింది. ఫోన్‌లో ఏదో ఫిల్టర్ పెట్టి, రంగు తేల్చి, ముక్కు సన్నం చేసి మరీ పంపింది. షాపువాడు తన వంతుగా ఇంకాస్త తెలుపు కొట్టాడు. అడగని సాయం చేయడంలో మనుషుల్ని మించినవాళ్లు లేరు.

ఫంక్షన్ రోజు నన్ను గేటు పక్కన కట్టారు. తన్మయి నాయనమ్మ రోశమ్మ నా ముందు చాలాసేపు నిలబడింది.

"ఎవరే ఈ పిల్ల? మన ముక్కేదీ?" అంది గట్టిగా.

వచ్చినవాళ్లంతా పగలబడి నవ్వారు. మేనత్త కూతురు అదంతా వీడియో తీసింది. సాయంత్రానికల్లా నేనూ తన్మయీ పక్కపక్కనే క్లాసు పిల్లలందరి ఫోన్లలో ఉన్నాం. కింద 'ఆర్డర్ పెట్టింది ఇది, వచ్చింది అది' అని రాశారు. నాకేమీ అనిపించలేదు. తన్మయికి అనిపించింది.

సోమవారం మాస్కు పెట్టుకుని బడికెళ్లింది. టీచరు అడిగితే జలుబంది. నెల తిరక్కుండా బడే మానేసింది. ఇంట్లోనూ మాస్కు తీసేది కాదు, అన్నం కూడా గోడవైపు తిరిగి తినేది. అమ్మ తిట్టింది, బతిమాలింది, ఫోన్ లాక్కుంది, మళ్లీ ఇచ్చింది.

నన్ను మాత్రం పారేయలేదు. ఫ్లెక్సీని పారేసే ఇల్లు మా వైపు లేదు. పెరట్లో కట్టెల మీద కప్పారు. ఎండకి నా మొహం వెలిసిపోయింది. షాపువాడి మాట అంతే మరి.

నిన్న రోశమ్మ కట్టెల కోసం వచ్చింది. వెనకే మాస్కుతో తన్మయి.

"అంతా నీవల్లే నాయనమ్మా. నీ ముక్కే నాకొచ్చింది. ఇది లేకపోతే ఎంత బాగుంటావో చూడు," అంటూ ముసలామె మొహానికి ఫిల్టర్ పెట్టి చూపించింది.

రోశమ్మ కళ్లు చికిలించింది. "ఎవరే ఈమె? మనకేమవుద్ది?" అని నిజంగానే అడిగింది.

తన్మయి ఫోన్‌లో మొహాన్నీ నాయనమ్మ మొహాన్నీ మార్చి మార్చి చూసింది. ఫోన్‌ని నా మీద బోర్లా పెట్టేసింది.

"ఏమీ కాదు నాయనమ్మా. మనకేమీ కాదు," అని బావురుమంది.

మాస్కు తడిసి ఊపిరాడకపోతే లాగి పడేసింది. నాలుగు నెలలుగా ఆ ఇంట్లో ఎవరూ చూడని ముక్కు బయటపడింది. నా మీద అది ఎప్పుడూ లేదు కాబట్టి నేనూ మొదటిసారి దగ్గరగా చూశాను. అచ్చం రోశమ్మదే.