దాతగారి వయొలిన్లు

ఫొటో తీయడం అయిపోగానే పిల్లల చేతుల్లోంచి వయొలిన్లు లాక్కున్నారు.

కళ్ళతో చూసి ఉండకపోతే మేమూ నమ్మేవాళ్ళం కాదు. బడి ఆవరణలో మా పిల్లలు వరసగా నిలబడ్డారు. ఒకళ్ళ చేతిలో వయొలిన్, ఇంకొకళ్ళ చేతిలో ఫ్లూట్, ఓ బుడ్డోడి మెడలో వాడికంటే పెద్ద డ్రమ్ము. వెనకాల గోడంత బ్యానరు: "పేద పిల్లలకు సంగీతం, మా ఫ్యాక్టరీ కానుక." మధ్యలో సీసాల ఫ్యాక్టరీ యజమాని. ఆయన్ని దాతగారనాలి. ఆ బిరుదు ఎవరిచ్చారంటే, ఆయనే ఇచ్చుకున్నాడు. జన్మలో ఆయన ఇచ్చింది అదొక్కటే. పళ్ళన్నీ కనబడేలా నవ్వి, ఒక పాప తలమీద చెయ్యి వేసి, ఫొటో పడగానే ఆ చెయ్యి రుమాలుతో తుడుచుకుని కారెక్కాడు.

కారు గేటు దాటిందో లేదో మేనేజరు చప్పట్లు చరిచాడు. ఈయన్ని మేం తోక అంటాం. దాతగారు ఎటు తిరిగితే అటు ఊగుతాడు.

"చాలు చాలు! అన్నీ తిరిగి వ్యానులో పెట్టండి."

పిల్లలు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఒక పిల్ల మాత్రం వయొలిన్ని గుండెకి హత్తుకుని కదల్లేదు. తోక ఆ పిల్ల మణికట్టు మెలిపెట్టి లాక్కున్నాడు. పిల్ల కెవ్వుమంది. హెడ్మాస్టరు ఆకాశంలో ఏదో పిట్టని చూడ్డంలో మునిగిపోయాడు.

ఆ పిల్ల తల్లి ఫ్యాక్టరీలో నా పక్కనే పనిచేస్తుంది. బెల్టు మీద వచ్చే సీసాల్లో పగుళ్ళున్నవి ఏరి తొట్టిలో వేయడం మా పని. మర్నాడు ఆమె సీసాల్ని వేయడంలేదు, విసిరికొడుతోంది.

"వదినా, సాయంత్రం అందర్నీ సంఘం గదికి రమ్మను," అంది.

ఆ గదిలోనే మా పిల్లల పాఠాలు. బడిలో సంగీతం పీరియడు ఎత్తేసి టీచరమ్మని ఇంటికి పొమ్మన్నప్పుడు ఆవిడ ఏడుస్తూ కూర్చోలేదు. "గది చూపించండి, పిల్లల సంగతి నేను చూసుకుంటా," అంటూ మా దగ్గరికొచ్చింది. గది ఊడ్చి ఇచ్చాం. వాయిద్యమంటే ఆవిడ పాత హార్మోనియం ఒక్కటే, మిగతావన్నీ గొంతులే.

సాయంత్రం గది నిండింది. కొలిమి దగ్గర పనిచేసే పెద్దాయన ముందే విసుక్కున్నాడు.

"ముందు కూలి సంగతి చూడండి. కడుపు కాలుతుంటే ఈ పాటల గోలేంటి? మనమేమన్నా జమీందార్లమా?"

పిల్ల తల్లి లేచింది. "దాతగారి మనవరాలికి ఇంటికొచ్చి నేర్పే మాస్టరున్నాడు బాబాయ్. నీకెందుకమ్మా పాట అని ఆ పిల్లని ఎవడూ అడగడు. మన పిల్లల్నే అడుగుతారు. వాళ్ళంటే అడిగారు, నువ్వూ అడుగుతావా?"

"నేనా మాట అన్లేదే!"

"అన్నావు. కూలీ మనదే, పాటా మనదే. ఒకటి వదిలేస్తే రెండోదీ పోతుంది."

"అయితే ఇప్పుడేం చేద్దాం, వెళ్ళి అడుక్కుందామా?" అన్నాడో లోడింగు కుర్రాడు.

టీచరమ్మ హార్మోనియం మూసింది. "అడుక్కోవడమేంటి? ఇచ్చేశామని గోడంత అక్షరాలతో వాళ్ళే రాసుకున్నారుగా. వెళ్ళి తెచ్చుకుందాం."

గది గొల్లుమంది. పెద్దాయన కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

ఆదివారం పొద్దున కాలనీ కాలనీ కదిలి, వ్యానులో తీసుకెళ్ళి వాటిని దించిన ఫ్యాక్టరీ గెస్టుహౌసుకు నడిచాం. కాపలావాడు అడ్డం నిలబడి, మమ్మల్ని లెక్కపెట్టడం మొదలెట్టి, మధ్యలోనే మానేసి పక్కకు తప్పుకున్నాడు. లోపల హాల్లో వాయిద్యాలు. వాటి పక్కనే కొత్త బ్యానరు. అదే కానుక, అవే అక్షరాలు, వేరే బడి పేరు!

"దానకర్ణుడట!" పెద్దాయన ఉమ్మేశాడు. "ఇచ్చింది వెనక్కి లాక్కున్న కర్ణుణ్ణి ఇప్పుడే చూస్తున్నా."

తోక పరిగెత్తుకొచ్చాడు. "దొంగతనం! ఇది దొంగతనం! అవి మీ చేతుల్లో ఉండాల్సినవేనా? పాడుచేస్తారు!"

"పాడిస్తాం," అంది పిల్ల తల్లి, వయొలిన్ని కూతురి చేతికిస్తూ.

తర్వాత కొన్నాళ్ళు మా గదిలోంచి వచ్చిన చప్పుడు అంతా ఇంతా కాదు. పిల్లులు కాలనీ వదిలి పారిపోయాయి. అయినా గిన్నె తోముతున్న చెయ్యి ఆపి వినని ఆడది లేదు.

ఆ తర్వాత జీపొచ్చింది. దాతగారి పరువు నష్టమైతే పోలీసుల కాళ్ళకు ఎక్కడలేని తొందరా వస్తుంది. మా ఇళ్ళలో దొంగ పడ్డప్పుడు ఆ కాళ్ళకే వాతం!

"ఎవరు తెచ్చారివి?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నేను," అంది పిల్ల తల్లి. "నేను," అన్నాను నేను. "నేనండి," అన్నాడు పెద్దాయన. వీధి చివరిదాకా అదే మాట.

అందరూ జీపులో పట్టరు కనుక టీచరమ్మని పట్టుకున్నాడు. "చదువుకున్నదానివి, ఈ అలగాజనంతో నీకేం పని?"

"వాళ్ళతో శ్రుతి కలిసిందండి. మీతో కలవడం లేదు."

వాయిద్యాలన్నీ జీపులో కుక్కి ఆవిడ్నీ ఎక్కించుకుపోయారు. ఆ రాత్రి కాలనీలో ఎవరూ సరిగ్గా తినలేదు.

మర్నాడు మేం బెల్టు దగ్గరికి పోలేదు. స్టేషను ముందు రోడ్డు మీద పిల్లల్ని వరసలుగా కూర్చోబెట్టి, వెనక మేం నిలబడ్డాం. పిల్లలు పాఠం ఎత్తుకున్నారు.

ఇన్‌స్పెక్టరు బయటికొచ్చాడు. "ఏంటీ గోల?"

"పాఠం," అన్నాడు పెద్దాయన.

"పాఠాలు బళ్ళో చెప్పించుకోండి!"

"టీచరు మీ దగ్గరుందిగా. ఇక్కడికే రావాలి మరి."

పాట సాగుతోంది. ఇంతలో లాకప్పు కిటికీలోంచి ఆవిడ గొంతు ఖంగుమంది.

"వెనక వరస! పరుగులొద్దు! మళ్ళీ మొదట్నుంచి!"

వెనక వరసంటే మేమే. మాకే తెలియకుండా పాడుతున్నామన్నమాట. పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు లాఠీ ఎత్తాడు. మేం పాట ఎత్తుకున్నాం.