కింద పెట్టిన కత్తి

భావనారాయణకు మంచి జరిగితే వామన్‌రావు ఓర్చుకోలేడు. చెడు జరిగినా ఓర్చుకోలేడు, ఎందుకంటే అప్పుడు వెళ్లి ఓదార్చాల్సి వస్తుంది. అయినా ఇద్దరూ స్నేహితులే. ఆదివారం వచ్చిందంటే ఒకరు లేకుండా ఇంకొకరికి టీ గొంతు దిగదు.

ఇద్దరినీ కలిపింది కత్తులు. కంగారు పడకండి, పీకలు కోసేవి కావు. జేబులో మడిచి పెట్టుకునే పాతకాలపు చిన్న కత్తులు. ఆదివారం ఆబిడ్స్‌లో దుకాణాల షటర్లు దిగి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు, ఆ వరస చివర గుడ్డల మీద పరిచిన పాత సామాన్లు. తుప్పు పట్టిన తాళాలు, ఆగిపోయిన గడియారాలు, ఎవరివో కళ్లజోళ్లు, వాటి అడుగున అదృష్టం బాగుంటే ఒక కత్తి. గన్‌ఫౌండ్రీలో గుమాస్తాగిరీ చేసి రిటైరైన వామన్‌రావు ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ఈ పిచ్చిలో పడ్డాడు. హిమాయత్‌నగర్‌లో కళ్లద్దాల దుకాణం నడిపే భావనారాయణకు దాన్ని అంటించిందీ అతనే.

అంటించడమే కాదు, నేర్పాడు. బ్లేడు పిడిలోకి దూరే చోట చేసినవాడి ముద్ర ఉంటుంది, అది చూడందే నోరు విప్పకూడదన్నాడు. మూస్తే స్ప్రింగు టక్కుమనాలన్నాడు. ఎముక పిడో ప్లాస్టిక్ పిడో తేలకపోతే చెంపకు ఆనించి చూడమన్నాడు. నల్లబడ్డ ఇనుమును తోమి తళతళలాడిస్తే దాని వయసు పోతుందన్నాడు. ఒక కత్తి బ్లేడు తెచ్చి ఇంకో కత్తి పిడికి బిగించిన అతుకుల సరుకును ఎలా పసిగట్టాలో చెప్పాడు. అందుకే భావనారాయణ అతన్ని గురువుగారూ అని పిలుస్తాడు. ఆ పిలుపు మొదట్లో తియ్యగానే ఉండేది.

చిక్కేమిటంటే, భావనారాయణ పెట్టి పుట్టినవాడు. వామన్‌రావు పొద్దున్నే వచ్చి భూతద్దం పట్టుకుని గుడ్డ గుడ్డా గాలిస్తే దొరికేది మూత లేని పెన్ను. భావనారాయణ ఇడ్లీ తిని తీరిగ్గా వచ్చి, పలకరించడానికి ఎక్కడ కూర్చుంటే అక్కడే ముత్యపుచిప్ప పిడి కత్తి. మరో వారం తోటమాలులు అంట్లు కట్టే వంకర కత్తి. ఇంకో వారం ఏకంగా నాలుగు బ్లేడ్ల దుప్పికొమ్ము కత్తి. పైగా అతని మోకాళ్లు వంగుతాయి. చక్కెర వేసిన టీ తాగుతాడు. అమ్మేవాళ్లు అతన్ని చూస్తే నవ్వుతారు. వీటిలో ఏది ఎక్కువ మండించేదో వామన్‌రావు కూడా చెప్పలేడు.

ఆ ఫుట్‌పాత్‌కు ఒక కట్టుబాటు ఉంది. సరుకు ఎవరి చేతిలో ఉంటే బేరం వాళ్లది. కింద పెట్టారో, ఎవరైనా తీసుకోవచ్చు. మన ఇళ్లలో ఇంకో కట్టుబాటు ఉంది కదా, కత్తిని చేతికి చెయ్యి ఇవ్వకూడదని, ఇస్తే పోట్లాట వస్తుందని. ఈ రెండూ ఒకదానికొకటి పొసగవు. కానీ వీళ్లిద్దరూ పొసగించుకున్నారు. ఒకరికి కత్తి దొరికితే, రెండోవాడు చూడటానికి గుడ్డ మీద పెట్టేవారు. రెండోవాడు తీసి చూసి, మళ్లీ కిందే పెట్టేవాడు. మొదటివాడు తీసుకునేవాడు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఇది తప్పలేదు. మాట మీద నడిచింది కూడా కాదు, మాట అనుకోకుండానే నడిచింది.

వామన్‌రావు బతుకంతా వెతికింది ఒకే కత్తి. అతని తండ్రి పాత సర్కారు కచేరీలో ఉర్దూ రాతగాడు. రెల్లు కలాలతో రాసేవాడు. ఆ కలం చెక్కే కత్తిని కలంతరాష్ అంటారు. మామూలుగా అది మడవదు. మడిచే రకం ఒకటుంటుందని, దానిలో బ్లేడు పక్కన సన్నని ఎముక పలక కూడా మడిచి ఉంటుందని, కలం మొనను ఆ పలక మీద ఆనించి ఒక్క దెబ్బ కొడితే పాళీ తయారని తండ్రి చెప్పేవాడు. ఆయన ఎవరి చేతిలోనో చూశాడట, కొనుక్కోలేకపోయాడు. నాంపల్లి స్టేషను దగ్గర హోటల్లో టీ తాగినప్పుడల్లా వామన్‌రావు ఈ కథంతా భావనారాయణకు చెప్పేవాడు. విన్నదే అయినా అతను బిస్కెట్ ముంచుకుంటూ మళ్లీ వినేవాడు.

ఆ ఆదివారం వామన్‌రావు వచ్చేసరికే భావనారాయణ, సామాన్లమ్మే రాంచందర్ గుడ్డ ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో ఏదో ఉంది.

“గురువుగారూ, ఒకసారి ఇది చూడండి” అని దాన్ని గుడ్డ మీద పెట్టాడు.

వామన్‌రావు వంగి తీసుకున్నాడు. పసుపెక్కిన ఎముక పిడి. బ్లేడు తెరిచాడు, సన్నగా తిన్నగా ఉంది. బ్లేడు మొదట్లో మట్టి పూడిన ఉర్దూ అక్షరాల ముద్ర. రెండోదాన్ని గోటితో లాగాడు. అది బ్లేడు కాదు, పలక. దాని మీద వెంట్రుకల్లాంటి గాట్లు, ఒకదాని పక్కన ఒకటి, ఎవరో ఏళ్ల తరబడి కలం మొనలు కొట్టిన గుర్తులు. తండ్రి చెప్పిన కత్తి ఇదే. ఆ వెంటనే కడుపులో మంట లేచింది. ఉర్దూ మొదటి అక్షరం అలిఫ్ కూడా రాని మనిషికి! వాళ్ల నాన్న తెనాలి నుంచి వచ్చి ఏ కలం చెక్కాడని! తను తండ్రి పేరు చెప్పుకుని వెతికిన కత్తి, ఇడ్లీ తిని వచ్చినవాడి చేతికి చిక్కడమేమిటి?

“అతుకులది” అన్నాడు. “ఒక బ్లేడు ఇరిగితే ఎవడో ఎముక ముక్క బిగించిండు. గిది మనకెందుకు?”

భావనారాయణ కత్తి వైపు చూడలేదు, అతని ముఖంలోకే చూశాడు. “అంతేనంటారా?”

“ఔ, అంతే. పండ్లు కోసుకోను ఇంటికి తీస్కపోత. వసుమతి ఎప్పటి సంది అడుగుతున్నది.”

అలా అని కత్తిని మడిచాడు. కింద పెట్టలేదు. రాంచందర్ ఇద్దరినీ చూసి, పట్టుకున్నవాడితోనే బేరం మాట్లాడాడు. ఆ రోజు నాంపల్లి హోటల్లో భావనారాయణ టీకి చక్కెర వేసుకోవడం మరిచిపోయాడు.

ఇంటికొచ్చాక వామన్‌రావు ఎగిరి గంతేయాలి. కానీ తేలు కుట్టిన దొంగలా తయారయ్యాడు. ఆ కత్తి విలువ తెలిసి ఆహా అనగలిగినవాడు అతనికి ఈ లోకంలో ఒక్కడే, ఆ ఒక్కడికే చెప్పకూడదు. గది తలుపు వేసుకుని తెరిచేవాడు, మూసేవాడు. టక్కుమన్నప్పుడల్లా ఇంకో మంట. ఎంత తన జేబులో ఉన్నా, దొరికింది మాత్రం భావనారాయణకే. దాన్ని దొంగిలించవచ్చు గాని, దొరకడాన్ని ఎలా దొంగిలిస్తాడు?

వారం మధ్యలో భార్య వసుమతితో కలిసి మొజంజాహీ మార్కెట్‌కు పండ్ల కోసం వెళ్లాడు. సీతాఫలాల బుట్ట దగ్గర భావనారాయణ ఎదురయ్యాడు. వసుమతికి నమస్కారం పెట్టి, యోగక్షేమాలు అడిగి, చివర్లో మామూలుగానే అడిగాడు.

“కత్తి బాగా తెగుతోందా అక్కయ్యగారూ?”

“ఏం కత్తి తమ్మీ? ఈయన తెచ్చేవన్నీ అద్దాల బీరువల పెట్టుకునేటివే. నా వంటింట్ల ఉన్నది ఒక్కటి, అదీ మొద్దువారింది.”

భావనారాయణ వామన్‌రావు వైపు చూడలేదు. మంచి సీతాఫలాలు రెండు ఏరి ఆమె సంచిలో వేసి వెళ్లిపోయాడు. దారి పొడుగునా వామన్‌రావు భార్యను విసుక్కున్నాడు. నేనేమన్నానని ఆమె అడిగితే సంచి లాక్కుని ముందు నడిచాడు.

ఆదివారానికి అతను ఒక ఉపాయం అల్లుకున్నాడు. తప్పు ఒప్పుకోవడానికి కాదు సుమా. అబద్ధం మోసీ మోసీ చేతులు లాగుతున్నాయి, పైగా ఆ కత్తిని చూసి భావనారాయణ కళ్లు పెద్దవవడం చూడందే తన గెలుపు గెలుపులా అనిపించడం లేదు. ఇంటికి వెళ్లాక భూతద్దంలో చూస్తేగాని తెలియలేదని చెబితే సరి. గురువైనా పొరబడతాడు కదా.

భావనారాయణ రాంచందర్ గుడ్డ ముందే ఉన్నాడు. వామన్‌రావు మోకాళ్ల నొప్పితో మూలుగుతూ పక్కన కూర్చుని, జేబులోంచి కత్తి తీసి, పాత మర్యాద ప్రకారం గుడ్డ మీద పెట్టాడు.

“చూస్తే అతుకులది కాదయ్యా. గా కలంతరాషే. మొన్ననే తెల్సింది.”

భావనారాయణ కత్తి తీసుకున్నాడు. పలక తెరిచి గాట్ల మీద వేలు పోనిచ్చాడు. కళ్లు పెద్దవి కాలేదు.

“నాకు ఆ రోజు చూడగానే తెలిసిందండీ. ఇన్నేళ్లుగా మీరు చెబుతూనే ఉన్నారుగా.”

వామన్‌రావు అతని వైపు తిరిగాడు. “తెల్సి మరి కింద ఎందుకు పెట్టినవ్?”

“మీరు చూసి సంతోషిస్తారని.”

భావనారాయణ కత్తిని మడిచాడు, టక్కుమంది. వామన్‌రావు దాన్ని అతను గుడ్డ మీద పెడతాడని చూశాడు. భావనారాయణ పెట్టలేదు. వామన్‌రావు చెయ్యి పట్టుకుని, అరచేతిలో కత్తి ఉంచి, వేళ్లు మూశాడు. కత్తి చేతికిస్తే పోట్లాట వస్తుందన్న భయం, పోగొట్టుకోవడానికి ఏదైనా మిగిలినవాళ్లకే ఉంటుంది. తర్వాత లేచి, ప్యాంటు దులుపుకుని, అవతలి గుడ్డ దగ్గరికి వెళ్లాడు.

వామన్‌రావు అక్కడే ఉండిపోయాడు. పిడికిట్లో తండ్రి చెప్పిన కత్తి, బతుకంతా వెతికిన కత్తి. రాంచందర్ ఏదో అడిగాడు, వినబడలేదు.

అవతల భావనారాయణకు అప్పుడే ఏదో కత్తి దొరికింది. దొరక్కేం! హెల్మెట్ చంకన పెట్టుకున్న ఎవరో మనిషి, ముఖం తెలియనివాడు, వంగి ఒకసారి చూడొచ్చా అని అడుగుతున్నాడు. భావనారాయణ నవ్వి దాన్ని గుడ్డ మీద పెట్టాడు. ఇన్నేళ్లూ భావనారాయణకు దొరికిన కత్తులన్నిటి మీదా కలిపి పడని అసూయ, ఆ హెల్మెట్ మనిషిని చూసి పడ్డాడు వామన్‌రావు. వాడికి అలిఫ్ రాదు, ముద్ర తెలియదు, స్ప్రింగు చప్పుడు తెలియదు.

ఆ మనిషి కత్తిని అటూ ఇటూ తిప్పి చూసి, బాగుందని చెప్పి, తీసిన చోటే మళ్లీ కింద పెట్టాడు.