నబీ రసూల్ ఎడమచెయ్యి

పొద్దున్నే గనికి పోయేటప్పుడు నబీ రసూల్ రెండు మూటలు తీసుకుంటాడు. ఒకదాంట్లో సద్ది, రెండోదాంట్లో తన ఎడమచెయ్యి. రెండేళ్ల కింద జమ్మలమడుగు దగ్గరి నాపరాళ్ల గనిలో మందు పేలి అది మణికట్టు దాకా తెగిపడింది. ప్రొద్దుటూరు ఆసుపత్రిలో ఆయనకు కుట్లేస్తుంటే, చెయ్యి బయట బెంచీ మీద కాచుకుని ఉంది. అప్పటినుంచి ఇంట్లోనే ఉంటోంది. శుక్రవారం వస్తే భార్య షాహీదాబీ దానికి గోళ్లు తీస్తుంది.

నబీ రసూల్‌కు దేన్నీ అనుమానించే అలవాటు లేదు. "ఏం కాదులే" అనుకునే మనిషి కాబట్టే ఒంటిచేత్తో మళ్లీ గనిలో దిగాడు, లేకుంటే ఇంట్లో మూలన పడి ఏడ్చేవాడు. చెయ్యి ఆయనకు పూర్తిగా ఎదురు. బస్సెక్కబోతే చొక్కా లాగుతుంది, పెళ్లిలో బిర్యానీ తినబోతే పళ్లెం తోసేస్తుంది. అది చెప్పినట్టల్లా వింటే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకే ఆయన వినడం మానేశాడు.

ఆరోజు పన్నెండు బెజ్జాల్లో మందు కూరి వత్తులు అంటించారు. పేలుళ్లు లెక్కపెట్టడం నబీ రసూల్ పని. ఒక్కటి తగ్గినా గంటసేపు ఎవరూ కిందికి దిగకూడదు. బండలు పగిలి రాళ్లు గాల్లోకి లేచాయి. దుమ్ము కమ్మేసింది.

"పన్నెండు" అన్నాడాయన.

చెయ్యి మూటలోనుంచి బయటికొచ్చింది. ఐదువేళ్లు రెండుసార్లు చూపి, తర్వాత ఒక్క వేలు చూపింది.

"ఏంది మామా, పదకొండంటాంది?" అన్నాడు అల్లుడు షోయబ్. గనిలో చేరి నెలైంది. ఇంట్లో వాడి భార్య ఫర్హానాకు ఏడో నెల.

"దాని వరస ఎప్పుడూ అంతే. ఏం కాదు, పోప్పా. పులివెందుల లారీ కాసుకోనుండాది."

షోయబ్ అడుగేశాడో లేదో, చెయ్యి ఎగిరి వాడి చీలమండ పట్టుకుంది. వాడు బోర్లా పడ్డాడు, పెదవి చిట్లింది. ఆ నెత్తురు చూసి నబీ రసూల్‌కు ఒళ్లు మండింది. ఒడిసి లాగితే అది ఎదురు తిరిగి ఆయన గొంతే పట్టింది. ఇద్దరూ కిందపడి దొర్లారు. ఊపిరాడక గిలగిల్లాడుతూనే దాన్ని ఊడబెరికి, మోకాలి కింద బండకు అదిమి, సుత్తి తీసుకున్నాడు. కసిదీరా ఒక్కొక్క వేలే చితక్కొట్టసాగాడు. షోయబ్ లేచి, "వద్దు మామా, వద్దు" అంటూ భుజం పట్టుకున్నా ఆగలేదు.

నాలుగో వేలు విరుగుతుండగా కింద పన్నెండోది పేలింది.

షోయబ్ నిలబడాల్సిన చోట మంచమంత బండ పడింది.

నబీ రసూల్ మోకాలు తీశాడు. చెయ్యి కదల్లేదు. ఆయనకు దుఃఖం పొంగుకొచ్చింది.

"మామా, నీకు నిజంగా పన్నెండు ఇనపడినాయా?" అడిగాడు షోయబ్.

ఏం కాదులే అన్న మాట నాలుక దాకా వచ్చింది. జన్మలో మొదటిసారి నబీ రసూల్ దాన్ని మింగేశాడు.

"పదకొండే ఇనపడినాయి. ఇంగొగటి కూడా పేలింటాదిలే అనుకున్నా."

షోయబ్ పెదవికి అదుముకున్న తువ్వాలు తీసి, చితికిన చేతిని అందులో చుట్టి, మామ ఒళ్లో పెట్టాడు.